మూడో పిన్ను ఎక్కడికి పోతుంది?

ఇస్త్రీపెట్టె ప్లగ్గును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. సాకెట్టులోంచి ఊడదీసి చూడాలి సుమా! మూడు పిన్నులుంటాయి. రెండు ఒకేలా ఉంటాయి. మూడోది వాటికంటె పొడుగు, లావు. ఎందుకని?

ప్లగ్గు పెట్టేటప్పుడు అది మిగిలిన రెంటికంటె ముందు తగలాలి. తీసేటప్పుడు చివర విడిపోవాలి. పొడుగు అందుకు. లావుగా ఉండటం వల్ల పొరపాటున వేరే రంధ్రంలో దూరదు. దానికి కలిపిన పచ్చ తీగె వెంట పోతే చివరకు ఇంటిపక్క గోతిలో, అంటే భూమిలో తేలుతాం.

ఫ్రిజ్జుకూ ఇలాంటి ప్లగ్గే ఉంటుంది. దాని లోపల ఫేజు తీగె తొడుగు ఊడి, ఇనుప ఒంటికి తగిలిందనుకుందాం. ఫ్రిజ్జు మామూలుగానే పనిచేస్తుంటుంది! తడిచేత్తో, వట్టికాళ్ళతో మీరు దాన్ని ముట్టుకున్నారు. తడిసిన శరీరం నిరోధం సుమారు 1000 ఓములు. ఇళ్ళ సరఫరా 230 వోల్టులు. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పటానికి ఇందులో సగం చాలు. మరి ఫ్యూజు కాలదా అంటారేమో! అది 5 ఆంపియర్ల ఫ్యూజు. 0.23 దానికొక లెక్క కాదు. ఫ్యూజు కాపాడేది తీగెలను, మనిషిని కాదు.

ఎర్తు ఉండి, ఆ దారి నిరోధం 5 ఓములయితే 46 ఆంపియర్లు పారుతుంది. ఫ్యూజు వెంటనే కరిగిపోతుంది. అయితే నేల అన్నిచోట్లా ఒకటేనా?

టెక్కలి పక్కనున్న రావివలసనే తీసుకోండి. ఆ ప్రాంతంలో గ్రానైటు క్వారీలున్నాయి. అక్కణ్ణుంచి ఉద్దానం వైపు పోతే జీడి, కొబ్బరి తోటల కింద ఇసుక. రాయికీ, పొడి ఇసుకకీ విద్యుత్తు అంటే గిట్టదు. నేలలో విద్యుత్తును మోసేది ముఖ్యంగా తేమ, అందులో కరిగిన లవణాలు. ఇసుకలో నీరు నిలవదు గదా! వేసవిలో ఎర్తు నిరోధం 100 ఓములకు పెరిగిందనుకోండి. పారేది 2.3 ఆంపియర్లే. ఫ్యూజు చెక్కుచెదరదు, ఫ్రిజ్జు ఒళ్ళంతా కరెంటుతో నిలబడి ఉంటుంది. ఎర్తు ఉందన్న ధీమాతో మనం చెయ్యి వేస్తాం. ఎర్తు లేని ఇంటికంటె ఇదేమీ మెరుగు కాదు.

అందుకే గోతిలో బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, మధ్య గొట్టం పాతి, ఎండాకాలం నీళ్ళు పోస్తారు. చాదస్తం కాదది. కాని ఆ ఉప్పే గొట్టాన్ని తినేస్తుంది కూడా; కొన్నేళ్ళకొకసారి ఎలక్ట్రీషియనుతో మీటరు పెట్టించి చూడాలి.

ఆర్.సి.సి.బి. అనే పరికరం ఫేజులో వెళ్ళిన ప్రవాహాన్ని, న్యూట్రలులో తిరిగివచ్చిన దానితో పోలుస్తుంది. ఇళ్ళలో వాడే రకం, తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. అయితే ఒక చేత ఫేజు, మరో చేత న్యూట్రలు పట్టుకున్నవాణ్ణి అది గుర్తుపట్టలేదు. దాని లెక్కకు అతడూ ఒక బల్బే!

గోడకు అలమర బిగించటానికి డ్రిల్లుతో కన్నం వేస్తున్నారా? స్విచ్చిబోర్డుకు నిలువుగా, అడ్డంగా ఉన్న వరసలో వేయకండి. గోడలో తీగెలు సాధారణంగా ఆ దారినే పోతాయి. ఆ గది సరఫరా ఆపి, డ్రిల్లుకు మరో గది నుంచి కరెంటు తీసుకోండి. డ్రిల్లుకు రెండే పిన్నులున్నాయా? దాని మీద చదరంలో చదరం గుర్తు వెతకండి. లోపల రెండు పొరల రక్షణ ఉందని, ఎర్తు అక్కర్లేదని ఆ గుర్తుకు అర్థం. పని మాత్రం పెద్దవాళ్ళ చేతే చేయించండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు నేలకూలాయి. అలాంటప్పుడు మెయిన్ ఆపకుండా జనరేటరును సాకెట్టుకు కలిపితే, ఆ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మరుకు చేరి వేల వోల్టులుగా మారవచ్చు. స్తంభమెక్కిన లైనుమన్‌కు అది తెలియదు.

ఆర్.సి.సి.బి. మీద 'టి' అక్షరమున్న బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కించండి. టప్పున పడిపోతే ఆ పరికరం బాగున్నట్టే. ఇంటిపక్క గొయ్యి సంగతి మాత్రం ఆ బొత్తానికి తెలియదు.