పప్పుజాతి పైరులు – నేలలోని భార లోహములు

మన పాఠశాలలో చదువుకొను పిల్లల తల్లిదండ్రులలో సేద్యము చేయువారు పెక్కుమంది గలరు. రాగుల సాళ్ల నడుమ అనుములు విత్తుట, మెట్టచేలలో ఉలవలు చల్లుట, వేరుశనగ పండిన నేలలో మరుసటి పంటకు బలము హెచ్చునని నమ్ముట వారికి తరతరములుగా వచ్చిన వాడుక. ఈ నమ్మకము సత్యమైనదే. కాని నేల చెడినచో పప్పుజాతి పైరుకు ఈ శక్తి నశించును. అది యెట్లు సంభవించునో తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని గలదు. ఐనను ఏ మొక్కయు దానిని తనంతట గాలినుండి గ్రహింపజాలదు. పప్పుజాతి మొక్కల వేళ్లపై చిన్న బుడిపెలుండును. వానిలో రైజోబియము అను సూక్ష్మజీవులు నివసించును. మొక్క తాను చేసికొన్న చక్కెరను వానికి పెట్టును. అవి గాలిలోని నత్రజనిని ఆహారముగా మార్చి మొక్కకిచ్చును. ఈ బుడిపెల ప్రయోజనమును 1886లో హెల్‌రీగెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. 1888లో బైయెరింక్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను. కావున పప్పుజాతి పైరు బలమంతయు ఈ స్నేహమునందే యున్నది.

లోహములన్నియు ఈ స్నేహమునకు శత్రువులు కావు. నత్రజనిని మార్చు పనికి ఇనుము, మాలిబ్దినము అవసరము. యశదము, తామ్రము కొద్దిపాటిగా మొక్కకు కావలయును. మితిమీరిన అవియే విషమగును. కాడ్మియము, సీసములవలన పైరునకు ఏ మేలును లేదు. భార లోహములు హెచ్చిన నేలలో వేరు కొనలు మొద్దుబారును, సన్నని వేరునూగు తగ్గును. పెక్కు పప్పుజాతి మొక్కలలో సూక్ష్మజీవులు ప్రవేశించునది ఆ నూగు ద్వారానే. అందుచే బుడిపెలు తగ్గును, ఆకులు పసుపుబారును.

ఇంతకంటె గూఢమైన నష్టము ఇంగ్లండులోని వోబర్న్ క్షేత్రమున బయటపడినది. అచట 1942 మొదలు 1961 వరకు కొన్ని మళ్లకు నగరపు మురుగునుండి తీసిన మడ్డిని ఎరువుగా వేసిరి. దానితో యశదము, తామ్రము, నికెలు, కాడ్మియము నేలలో చేరినవి. ఎరువు మానిన ఇరువది యేండ్లకు పిమ్మట, 1980లలో, శాస్త్రజ్ఞులు ఆ మట్టిలో క్లోవర్ అను పప్పుజాతి పశుగ్రాసమును పెంచి చూచిరి. వేళ్లపై బుడిపెలు కలిగెను గాని వానిలో నత్రజని తయారు కాలేదు. పనిచేయు సూక్ష్మజీవులు నశించి, బుడిపెను మాత్రము కట్టి పనిచేయజాలనివి మిగిలినవని 1989లో తేల్చిరి. ఎరువు వేసినవారు మేలు కోరియే వేసిరి. కీడు తరువాతి తరము కంటబడినది. లోహము కుళ్లదు, కాలదు. నేలలో చేరినది తరములు నిలుచును.

ఇది దూరదేశపు ముచ్చట యని మనము ఊరకుండరాదు. కర్ణాటకములో నంది కొండల చెంత పుట్టి, కుప్పము ప్రాంతము మీదుగా తమిళనాటికి పారు పాలారు తీరమున తోళ్లు పదునుచేయు శాలలు వెలసినవి. వాని మురుగులో ఉప్పును క్రోమియమును గలవు. ఆ ప్రాంతమున 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో సేద్యమునకు పనికిరాకపోయెనన్న సర్వేను 1996లో సుప్రీంకోర్టు తన తీర్పులో పేర్కొన్నది. చెరచినవాడే నష్టపరిహారము చెల్లింపవలెనని ఆ తీర్పు శాసించినది. పరిహారము రైతు చేతికి వచ్చును గాని, చెడిన నేల అంత సులువుగా తిరిగి రాదు.

ఈ కీడు పొలముతో ఆగునది కాదు. ఇసుకపాలు ఎక్కువై పులిసిన నేలలలో వేరుశనగ గింజలు కాడ్మియమును కూడబెట్టుకొనును. ఆ గింజలనే మన బిడ్డలు తినెదరు.

ఇక చేయవలసిన దేమి? పట్టణపు మురుగుమడ్డిని, పాత బ్యాటరీలు కలిసిన చెత్త యెరువును పొలమునకు తోలరాదు. కర్మాగారపు మురుగు కలిసిన నీటిని పెట్టరాదు. ఎరువునకు పశువుల పెంట, ఆకుపెంట మేలు. అనుమానమున్నచో మట్టిని పరీక్షకు పంపి లోహములనుగూర్చి ప్రత్యేకముగా అడుగవలెను. సాధారణ భూసార పరీక్షలో కాడ్మియము, సీసము బయటపడవు. పులిసిన నేలకు సున్నము వేసినచో కాడ్మియము, యశదము పైరునకు అందుట తగ్గును. క్రోమియమునకు మాత్రము సున్నము మందు కాదు. ఒక్కొక్కప్పుడు అది కీడును హెచ్చించును.

పిల్లలతో చేయదగిన పరీక్ష యొకటి గలదు. పైరు పూతకు వచ్చు వేళ ఒక మొక్కను వేళ్లు తెగకుండ త్రవ్వి తీసి, మన్ను కడిగి, బుడిపెను గోటితో చీల్చి చూడవలెను. లోపల గులాబి రంగున్నచో అది పనిచేయుచున్నదని గుర్తు. తెలుపో ఆకుపచ్చయో యున్నచో పని సాగుట లేదని యెరుగవలెను. అందుకు లోహమే కారణమని నిశ్చయింపరాదు. నీటి కొరత, మితిమీరిన యూరియా, బుడిపె లేతదనము, ముదురుదనము కూడ కారణములు కావచ్చును. కాని ఆ చిన్న బుడిపెను చీల్చి చూచిన బిడ్డ నేలను మన్నుగా మాత్రమే చూడడు. పాఠములో చదివినది పొలములో కన్నులార చూచుట నిజమైన చదువు. ఈ యేడు మన చేలలో ఈ పరీక్షను బిడ్డలచే చేయింపుడని తల్లిదండ్రులను కోరుచున్నాము.