పళ్ల సెట్టు చేసేదెవరు?

సంక్రాంతికి తాతయ్య సకినం కొరికాడంటే మెప్పంతా డాక్టరుకే. నిజానికి హన్మకొండ క్లినిక్‌లో డాక్టరు తీసేది అచ్చు, కొలతలు. సెట్టు తయారయ్యేది ల్యాబ్‌లో. అక్కడ పనిచేసేవారిని చట్టం డెంటల్ మెకానిక్ అంటుంది, బయట టెక్నీషియన్ అంటారు. నీట్‌లో సీటు రాక ఏ డిప్లొమాలో చేరాలో తేల్చుకోలేని బైపీసీ విద్యార్థులకు ఈ పని సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

అచ్చులో జిప్సం పోసి దవడ నమూనా తీయడంతో పని మొదలవుతుంది. దాని మీద మైనంతో గట్టు కట్టి పంపిస్తే, రోగి నోట్లో పెట్టి రెండు దవడల మధ్య ఎత్తు ఎంత ఉండాలో డాక్టరు తేలుస్తారు. తర్వాతిది సెట్టింగ్, అంటే ఆ మైనంలో పళ్లు పేర్చడం. మామూలుగా పైన 14 పళ్లు, కింద 14. పళ్లు రెడీమేడ్‌గానే దొరుకుతాయి. ఏది ఎంత వాలాలి, నమిలేటప్పుడు ఎక్కడ ఆనాలి అన్నది మాత్రం చెయ్యి తిరిగితే తప్ప పట్టుబడదు. ముందు పన్ను కాస్త అటూఇటూ అయినా ‘ఫోన్’ అనడానికి కూడా పెదవి తడబడుతుంది.

ట్రయల్ చూసి డాక్టరు సరేనన్నాక మైనం కరిగించి, ఆ ఖాళీలో యాక్రిలిక్ కూరి, వేడినీళ్లలో ఉడికిస్తారు. ఇక్కడ తొందర పనికిరాదు. యాక్రిలిక్‌లో కలిపే మోనోమర్ 100 డిగ్రీలు దాటగానే మరుగుతుంది. వేడి ఒక్కసారిగా పెంచితే మందంగా ఉన్నచోట బుడగలు లేస్తాయి. అందుకే 74 డిగ్రీల దగ్గర గంటన్నరో, ఇంకా ఎక్కువో ఉంచి, ఆ తర్వాతే మరిగిస్తారు.

లోహపు క్యాప్‌లది ఇంకో దారి. మైనంతో క్యాప్ చేసి, చుట్టూ అచ్చు కట్టి, మైనాన్ని కాల్చేసి, కరిగించిన లోహం పోస్తారు. ఆదిలాబాద్ డోక్రా కళాకారులు బొమ్మలు పోసే సూత్రం ఇదే. దంతవైద్యంలో దీన్ని 1907లో అమెరికా డాక్టరు విలియం టాగర్ట్ వాడుకలోకి తెచ్చారు.

ఇప్పుడు స్కానర్లు, మిల్లింగ్ మిషన్లు, 3డీ ప్రింటర్లు వచ్చాయి. జిర్కోనియా క్యాప్‌ను సుమారు 1500 డిగ్రీల ఫర్నేస్‌లో కాలిస్తే దాదాపు ఐదో వంతు కుంచించుకుపోతుంది. ఆ లెక్క వేసుకుని సాఫ్ట్‌వేర్ ముందే దాన్ని పెద్దగా చెక్కిస్తుంది. మరి చేతిపని ఎందుకంటారా? పన్ను ఆకారం చేతికి ఎక్కనివాళ్లు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన డిజైన్‌లో తప్పు పట్టలేరు. ముందు మైనం, తర్వాతే మౌస్.

చదువు విషయానికొస్తే, ఇంటర్ సైన్స్ తర్వాత రెండేళ్ల డెంటల్ మెకానిక్స్ కోర్సు ఉంది. 1948 దంతవైద్యుల చట్టం మెకానిక్‌లకు రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో విడిగా రిజిస్టరు పెట్టింది. దాని స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ వరంగల్‌లోనే ఉంది కదా, కోర్సు కూడా ఊళ్లోనే ఉంటుందని అనుకోవద్దు. ముందు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో వాకబు చేయండి. ఏ ప్రైవేటు సంస్థకైనా ఫీజు కట్టేముందు ఇప్పుడున్న చట్టం ప్రకారం గుర్తింపు ఉందా, కోర్సయ్యాక రిజిస్టరులో పేరు ఎక్కుతుందా అని అడిగి, కాగితం చూపించమనండి. నోటిమాటతో సరిపెడితే లేచి వచ్చేయండి.

కోర్సు చేయకుండా నేరుగా ల్యాబ్‌లో చేరి ఉస్తాదు దగ్గర నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల పని తక్కువదని అనను. కానీ ప్రభుత్వ ఉద్యోగానికో, విదేశానికో దరఖాస్తు చేసినరోజు అడిగేది సర్టిఫికెట్టే. బ్రిటన్‌లో 2008 నుంచి రిజిస్ట్రేషన్ లేనిదే టెక్నీషియన్‌గా పనిచేయడానికి వీల్లేదు.

దాటకూడని గీత ఒకటుంది. కెనడాలో డెంచరిస్టులు నేరుగా రోగులకే సెట్లు చేసి పెడతారు. మన దగ్గర అలా కుదరదు. డాక్టరు పంపిన పనే చేయాలి. ‘మధ్యలో డాక్టరెందుకు, సగం ధరకే నేను పెట్టేస్తా’ అంటే చట్టంతో చిక్కే. అంతకంటే పెద్ద ప్రమాదం, గుట్కా నమిలే మనిషి నోట్లోని క్యాన్సర్ పుండును సెట్టు ఒరుసుకుపోయిన పుండేనని సరిపెట్టేయడం.

మొదట్లో జీతం ఆశపెట్టేంత ఉండదు. పీసు లెక్కన ఇచ్చే ల్యాబులూ ఉన్నాయి. ట్రిమ్మింగ్ దుమ్ము, మోనోమర్ వాసన రోజూ ఉండేవే, కాబట్టి మాస్కు, దుమ్ము లాగే యంత్రం ఉన్న ల్యాబ్‌నే ఎంచుకోండి.

చేరేముందు ఒక పని చేసి చూడండి. కెనడాలో డెంటల్ కాలేజీల ప్రవేశ పరీక్షలో చాలాకాలం సబ్బు చెక్కించేవారు. మీరూ ఒక సబ్బు కొని, చిన్న చాకుతో దవడ పన్ను చెక్కండి. పాడైతే పారేసి రెండో సబ్బు తీయాలనిపిస్తే, కోర్సుకు దరఖాస్తు చేయండి.