పోటీ పరీక్షల ప్రత్యేకం: ఇంగ్లండ్‌లో కన్వేయన్సింగ్ ప్యానెళ్లు

స్థిరాస్తి యాజమాన్య బదిలీకి సంబంధించిన న్యాయ ప్రక్రియే కన్వేయన్సింగ్. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు కొనేవారికీ, తనఖా రుణమిచ్చే బ్యాంకుకూ తరచూ ఒకే న్యాయవాద సంస్థ పనిచేస్తుంది. అందుకే బ్యాంకులు తమ ప్యానెల్‌లోని, అంటే తాము ఆమోదించిన జాబితాలోని సంస్థలకే ఆ పని అప్పగిస్తాయి. ఈ సంస్థలు పాటించాల్సిన సూచనల కోసం, 2017లో ఏర్పడిన బ్యాంకింగ్, ఆర్థిక సంస్థల సంఘం యూకే ఫైనాన్స్ నిర్వహించే తనఖా రుణదాతల హ్యాండ్‌బుక్‌లో మొదటి భాగం ఉమ్మడి నిబంధనలను, రెండో భాగం ఒక్కో రుణదాత ప్రత్యేక షరతులను చెబుతుంది. సొలిసిటర్ల వృత్తి సంఘమైన లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపును చాలా బ్యాంకులు సొలిసిటర్ సంస్థల నుంచి కోరతాయి. అది ఉన్నంత మాత్రాన ప్యానెల్‌లో చోటు ఖాయం కాదు. ఈ ప్యానెల్ పద్ధతి చిన్న సంస్థలను దూరం పెడుతుందన్న విమర్శ కొట్టిపారేయదగ్గది కాదు. అయితే హక్కుపత్రాల్లో లోపమున్నా, అమ్మకందారు నకిలీ అయినా రుణదాత సొమ్మూ మునుగుతుంది కనుక తనిఖీ తప్పదు. కాకపోతే ఆ వడపోతకు సంస్థ పరిమాణం కాదు, పని నాణ్యతే గీటురాయి కావాలి.