జాతీయ గ్రంథాలయంలోకి ఏ పుస్తకాలు చేరతాయి?



గ్రంథాలయం అనగానే మనకు స్టడీ అవర్ గదిలోని బీరువా గుర్తుకొస్తుంది. అందులోకి ఏ పుస్తకం రావాలన్నది వార్డెన్ గారి ఇష్టం, వచ్చిన గ్రాంటును బట్టి ఉంటుంది. మరి దేశమంతటికీ ఉన్న గ్రంథాలయంలోకి ఏ పుస్తకాలు రావాలో ఎవరు నిర్ణయిస్తారు? పీజీలో చేరాక మాకు ఈ సందేహం వచ్చింది. తెలుసుకున్నది మీ కోసం రాస్తున్నాం.

మన జాతీయ గ్రంథాలయం కోల్‌కతాలోని బెల్వెడేర్ ప్రాంగణంలో ఉంది. 1903లో లార్డ్ కర్జన్ కాలంలో ఇంపీరియల్ లైబ్రరీగా ప్రజలకు తెరిచారు. 1948లో చట్టం చేసి పేరు మార్చారు. 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారు బెల్వెడేర్‌లో దానిని ప్రారంభించారు. తెలుగుకు అక్కడ ప్రత్యేక విభాగం ఉంది.

దాని సేకరణ విధానంలో ముఖ్యాంశాలు నాలుగు:

1. దేశంలో అచ్చయిన ముఖ్యమైన ప్రతి రచననూ సేకరించి భద్రపరచడం. అప్పటికప్పుడు చదివి పారేసే కాగితాలకే మినహాయింపు.
2. మన దేశం గురించి ప్రపంచంలో ఎక్కడ అచ్చయినా సేకరించడం.
3. జాతీయ ప్రాముఖ్యం గల రాతప్రతులను కాపాడడం.
4. దేశానికి అవసరమైన విదేశీ గ్రంథాలను ప్రణాళిక ప్రకారం తెప్పించడం.

కొన్నిటిని కొంటారు. కొన్ని కానుకగా, కొన్ని మార్పిడి పద్ధతిలో వస్తాయి. మన దేశంలో అచ్చయ్యే పుస్తకాల కోసం మాత్రం 1954లో డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం చేశారు. దాని ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా ఒక ప్రతిని కోల్‌కతాకు పంపాలి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయిలోని కేంద్ర గ్రంథాలయానికి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి కూడా ఒక్కొక్కటి పంపాలి. కోల్‌కతాకు పంపేది మేలైన కాగితం మీద అచ్చయిన ప్రతి అయి ఉండాలి. 1956 సవరణతో వార్తాపత్రికలనూ ఇందులో చేర్చారు. పంపనివారికి చట్టంలో రాసిన జరిమానా 50 రూపాయల వరకు, దానితోపాటు పుస్తకం విలువ.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. రాసినవారు ఎవరు, పుస్తకం గొప్పదా కాదా అని ఈ చట్టం అడగదు. ఏ భాషలోనైనా సరే, చిన్న కరపత్ర పుస్తకం కూడా దాని దృష్టిలో పుస్తకమే. అయితే పంపవలసింది ప్రచురించినవారే. పెద్ద ప్రచురణ సంస్థలకు చట్టం తెలుసు. చిన్న ఊళ్లో అప్పు చేసి పుస్తకం వేసుకున్నవారికి తెలియదు. తెలిసినా నాలుగు ప్రతులు, తపాలా ఖర్చు వారికి భారమే. అందువల్ల పేదవారి పుస్తకం ఎవరూ కాదనకుండానే బయట ఉండిపోతుంది.

మా ఊరి కూలీలు ఒకప్పుడు తమ పాటలను చిన్న పుస్తకంగా వేయించారు. మా నాన్నకు చదువు రాదు. అయినా ఒక ప్రతిని ట్రంకు పెట్టెలో దాచారు. మేము డిగ్రీ చదివే రోజుల్లో ఒక వానాకాలం ఇల్లు కారి అది ముద్దయిపోయింది. మరో ప్రతి కోసం ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాం. దొరకలేదు. అచ్చు వేసిన ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు నాన్నకు నోటికి వచ్చిన మూడు పాటలే మిగిలాయి. ఆనాడు ఒక్క ప్రతి తపాలాలో పంపి ఉంటే ఎక్కడో ఒకచోట దొరికేదేమో అనిపిస్తుంది.

మన హాస్టల్ సంచిక సంగతీ అంతే. మొదటి సంచికలు ఎన్ని మిగిలాయో పూర్వ విద్యార్థులైన అన్నలే చెప్పాలి. కావున సంపాదక మండలి వారికి మా మనవి: ఈ సంచిక మొదటి పేజీలో సంవత్సరం, ఊరు, ప్రెస్సు పేరు తప్పక వేయండి. నాలుగు ప్రతులు ఆ నాలుగు గ్రంథాలయాలకు, ఒకటి మన జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పంపండి. తపాలా ఖర్చు మా బ్యాచ్ భరిస్తుంది.

ఉంచుకోవాలా వద్దా అన్నది వారు చూసుకుంటారు. పంపడం మన పని.