పెద్ద తెర – చిన్న అక్షరం

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఉన్న ఒక తెలుగు బడికి పూర్వ విద్యార్థులు కొంత సొమ్ము పోగుచేసి ఇచ్చారనుకుందాం. గ్రంథాలయంలో ఒక పెద్ద కంప్యూటరు తెర పెట్టాలని, దానిమీద పిల్లలు పాత తెలుగు పుస్తకాలు చదువుకోవాలని వారి కోరిక. తెలుగు పుస్తకాల దుకాణం దగ్గరలో లేని ఊళ్లకు ఇది మంచి ఆలోచనే. ఇంటర్నెట్ ఆర్కైవులో పాత తెలుగు పుస్తకాలు ఎన్నో పుటపుటకూ తీసిన ఛాయాచిత్రాల రూపంలో ఉచితంగా దొరుకుతున్నాయి. అయితే ఇటువంటి సొమ్ము మాటిమాటికీ రాదు. తెర కొని తెచ్చిన తరువాత అక్షరాలు మసకగా ఉన్నాయని తెలిస్తే, లేదా బడిలోని కంప్యూటరుకు అది సరిగా కలవకపోతే, మళ్లీ ఎవరిని అడుగుతాం? కాబట్టి దుకాణానికి బయలుదేరకముందే కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

మానిటరు అని మనం పిలిచే ఈ తెరను అంగుళాలలో కొలుస్తారు. ఆ కొలత వెడల్పు కాదు, ఎత్తూ కాదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఉండే దూరం. గణితంలో దీన్ని కర్ణం అంటారు. 27 అంగుళాల తెర సాధారణంగా 59.8 సెం.మీ. వెడల్పు, 33.6 సెం.మీ. ఎత్తు ఉంటుంది. మీరు పరీక్షలలో వాడే ఎ4 కాగితం ఎత్తు 29.7 సెం.మీ., వెడల్పు 21 సెం.మీ. అంటే ఈ తెరమీద రెండు ఎ4 పుటలు పక్కపక్కన, అసలు పరిమాణంలోనే పడతాయి. తెరిచిన పుస్తకం బల్లమీద ఉన్నట్లే ఉంటుంది. పుస్తకం చదవడానికి పెద్ద తెర కావాలనడంలోని అర్థం ఇదే.

కాని పెద్దదైనంత మాత్రాన తెర స్పష్టంగా ఉండదు. తెరమీది బొమ్మ ఏదైనా చిన్న చిన్న చుక్కల కూర్పే. ముగ్గులోని చుక్కల వలె ఇవి వరుసలుగా, బారులుగా ఉంటాయి. వీటిని పిక్సెళ్లు అంటారు. ఫుల్ హెచ్.డి. అనే తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. క్యు.హెచ్.డి. తెరలో అవి 2560, 1440. 4కె అని దుకాణాలలో పిలిచే తెరలో 3840, 2160. అంటే మొత్తం 82,94,400 చుక్కలు. ఇది ఫుల్ హెచ్.డి. చుక్కలకు సరిగా నాలుగింతలు.

ఒకే లెక్క చుక్కలను చిన్న తెరలో పరిస్తే దగ్గరగా ఉంటాయి, పెద్ద తెరలో పరిస్తే ఎడం అవుతాయి. 27 అంగుళాల ఫుల్ హెచ్.డి. తెరలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 0.31 మి.మీ. అదే పరిమాణంలో క్యు.హెచ్.డి. అయితే 0.23 మి.మీ., 4కె అయితే 0.16 మి.మీ. మంచి చూపు గల కన్ను 60 సెం.మీ. దూరం నుంచి సుమారు 0.17 మి.మీ. ఎడంగల చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. అంతకంటె దగ్గరైన చుక్కలు కలిసిపోయి నున్నని గీతగా కనబడతాయి. 4కె తెరమీది అక్షరం అచ్చు కాగితం మీది అక్షరంలా తోచడానికి కారణం ఇదే.

ఇక్కడ మన లిపి సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పన్నెండు పాయింట్ల అక్షరాలకు కంప్యూటరు మామూలు అమరికలో కేటాయించే నిలువు కొలత 16 చుక్కలు. ఇంగ్లీషు అక్షరాలకు అవి చాలు. తెలుగులో తలకట్టు పైన, అక్షరం నడుమ, ఒత్తు కింద ఉంటాయి. 'రాష్ట్రం' అనే మాటలో 'ష' కింద రెండు ఒత్తులు ఉన్నాయి. ఇవన్నీ ఆ కొద్ది చుక్కలలోనే ఇమడాలి. 'దార' అంటే భార్య, 'ధార' అంటే నీటి ప్రవాహం. రెంటికీ తేడా ద కింద ఒక చిన్న గీత. 'పాలు', 'వాలు' అనే మాటలకు తేడా తలకట్టు అక్షరాన్ని తాకిందా లేదా అన్నదే. చుక్కలు ఎడంగా ఉన్న తెరమీద ఆ గీత అలికినట్లు అవుతుంది, తలకట్టు అంటుకుపోతుంది. చదివేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవలసి వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో చదివే పిల్లవాడికి ఆ ఊహ అంత సులభం కాదు. దుకాణాలలో తెరలమీద పూలు, జలపాతాలు చూపిస్తారు. అవి ఏ తెరమీదనైనా అందంగానే ఉంటాయి! ఒక తెలుగు పుటను పెన్‌డ్రైవులో తీసుకువెళ్లి, దాన్ని తెరిచి చూపమని అడగాలి.

అలా చూసేటప్పుడు ఎదురుగానే కాక పక్కకు జరిగి కూడా చూడాలి. బడిలో ఒక తెర ముందు నలుగురు కూర్చుంటారు. టి.ఎన్. అనే రకం తెరలో పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. ఐ.పి.ఎస్. రకంలో ఆ ఇబ్బంది చాలా తక్కువ.

ఇక తెరను కంప్యూటరుకు కలపడం. చాలామంది సొమ్ము దండుగయ్యేది ఇక్కడే. తెరమీది బొమ్మ నిలకడగా ఉన్నట్లు కనబడినా, కంప్యూటరు దాన్ని మామూలుగా సెకనుకు 60 సార్లు పంపుతుంది. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. 82,94,400 చుక్కలను 24తోను, 60తోను హెచ్చవేసి చూడండి. సెకనుకు 1,194 కోట్లకు పైగా బిట్లు! ఇంత సమాచారం ఒక తీగలో పారాలి. 2001లో ఐ.బి.ఎం. సంస్థ 3840, 2400 చుక్కల తెరను విడుదల చేసినప్పుడు, ఒక తీగ చాలక నాలుగు తీగల దాకా కలపవలసి వచ్చింది.

నేడు ఒక తీగ చాలు. కాని ఏ తీగ అయినా చాలదు. పాత కంప్యూటర్లలో ఉండే పదిహేను సూదుల వి.జి.ఎ. సాకెట్టు 1987 నాటిది. దాన్ని 4కె తెరకు వాడే మాటే లేదు. హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు చూడడానికి అన్నిటిలోనూ ఒకే ఆకారంలో ఉంటుంది, శక్తి మాత్రం వేరు. దాని 1.4 రకం 4కె బొమ్మను సెకనుకు 30 సార్లు మాత్రమే పంపగలదు. అప్పుడు మౌసు బాణం ఈడ్చుకుంటూ కదులుతుంది, పుట జరిపితే కన్ను అలసిపోతుంది. 2013లో వచ్చిన 2.0 రకం 60 సార్లు పంపుతుంది. అయితే 2013 తరువాతి కంప్యూటర్లలో కూడా ఎన్నింటికో పాత రకమే ఉంది. అందుచేత కంప్యూటరు వయస్సు అడిగి ఊరుకోక, దాని వివరాల కాగితం చూడాలి. డిస్‌ప్లేపోర్టు అనే సాకెట్టు ఉంటే అదృష్టమే, దాని 1.2 రకం కూడా 4కె బొమ్మను 60 సార్లు పంపుతుంది. ఈ ప్లగ్గుకు చాలావరకు చిన్న కొక్కెం ఉంటుంది. ఊడదీసేటప్పుడు పైమీటను నొక్కాలి, గుంజకూడదు.

కంప్యూటరుకు హెచ్.డి.ఎం.ఐ., తెరకు డిస్‌ప్లేపోర్టు ఉంటే చవక తీగతో పని జరగదు. ఆ దిశలో మార్చడానికి విద్యుత్తు తీసుకొనే ప్రత్యేక సాధనం కావాలి. మరొక సంగతి: వేరే గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరుకు వెనుక రెండు చోట్ల సాకెట్లు కనబడతాయి. తీగను కార్డుకే తగిలించాలి.

కంప్యూటరు పాతదై, 4కె బొమ్మను 60 సార్లు పంపలేనిదైతే ఏం చేయాలి? నా అభిప్రాయంలో 27 అంగుళాల క్యు.హెచ్.డి. తెర కొనడం మేలు. మిగిలిన సొమ్ముతో పుస్తకాలు కొనవచ్చు.

అన్నీ కలిపిన తరువాత 4కె తెరమీద అక్షరాలు చీమలంత కనబడవచ్చు. తెర చెడ్డదని కంగారుపడనక్కరలేదు. చుక్కల సంఖ్యను తగ్గించవద్దు. తగ్గిస్తే పెట్టిన ఖర్చంతా వృథా. విండోస్ అమరికలలో 'స్కేలు' అనేచోట 150 శాతమో, 200 శాతమో ఎంచుకోవాలి. 200 శాతం అయితే ఇందాకటి 16 చుక్కల అక్షరానికి 32 చుక్కలు దొరుకుతాయి. ధ కింది గీత విడిగా నిలుస్తుంది. అక్కడే, సెకనుకు ఎన్నిసార్లు అన్న అంకె 60 ఉన్నదో లేదో కూడా చూడాలి. తెరను కిటికీకి ఎదురుగా గాని, వీపుగా గాని పెట్టకుండా పక్కవాటుగా పెట్టి, చేయి చాచినంత దూరంలో కూర్చోవాలి. తెర పై అంచు కంటి ఎత్తును మించకూడదు.

అభ్యాసం

1. 32 అంగుళాల 4కె తెరలోను, 27 అంగుళాల 4కె తెరలోను చుక్కల సంఖ్య ఒక్కటే. అక్షరం ఏ తెరమీద ఎక్కువ నునుపుగా ఉంటుంది? ఎందుకు?
2. ఒక గీత, ఒక చుక్క లేదా తలకట్టు మారితే అర్థం మారే మాటల జంటలు మరో ఐదు రాయండి.
3. మీ బడిలోని కంప్యూటరు వెనుక ఉన్న సాకెట్ల బొమ్మలు గీసి, వాటి పేర్లు తెలుగులో రాయండి.
4. సెకనుకు 30 సార్లు పంపితే 4కె తెరకు ఎన్ని బిట్లు కావాలో లెక్కకట్టండి.