ఆల్బుమిన్ ‘నిల్’ అంటే కిడ్నీలు క్షేమమేనా?

“రిపోర్టులో ఆల్బుమిన్ ‘నిల్’ అని ఉంది. ఇక నా కిడ్నీలకు భయం లేనట్లేనా డాక్టరుగారూ?” షుగరు ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆ ఒక్క మాటతో ధీమా పడకూడదు.

ఆల్బుమిన్ రక్తంలో ఉండే ప్రోటీను. ఆరోగ్యవంతుల మూత్రంలో అది రోజుకు 30 మిల్లీగ్రాముల లోపే పోతుంది. షుగరు, బీ.పీ. వల్ల కిడ్నీల వడపోత దెబ్బతినడం మొదలైతే 30 నుంచి 300 మి.గ్రా. వరకు పోతుంది. ఇదే మైక్రోఆల్బుమిన్ దశ. ఈ దశలో నొప్పి, వాపు ఉండవు. మామూలు స్ట్రిప్‌కు కూడా ఇంత తక్కువ ప్రోటీను చాలాసార్లు అందదు.

ఎలా కొలుస్తారు?

ఉస్మానియా క్యాంపస్‌లోనో తార్నాకలోనో జీవరసాయన శాస్త్రం చదివేవారికి 1976 నాటి బ్రాడ్‌ఫర్డ్ పద్ధతి తెలిసే ఉంటుంది. అందులో ప్రోటీను తగలగానే గోధుమ రంగు ద్రావణం నీలంగా మారుతుంది. అయితే అది ఏ ప్రోటీనో చెప్పదు. అందుకని ఆసుపత్రి ల్యాబులో ఆల్బుమిన్‌ను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు కలుపుతారు. ద్రవం ఎంత మసకబారితే ఆల్బుమిన్ అంత ఎక్కువ.

నీళ్లు ఎక్కువ తాగి వస్తే?

మూత్రం పలచబడి, లెక్క తగ్గినట్లు కనిపిస్తుంది. అందుకే క్రియాటినిన్‌ను కూడా కొలిచి నిష్పత్తి కడతారు. ఉదాహరణకు లీటరుకు ఆల్బుమిన్ 60 మి.గ్రా., క్రియాటినిన్ 1.5 గ్రాములు ఉంటే నిష్పత్తి 40. నీళ్లతో మూడింతలు పలచబడితే 20 మి.గ్రా., 0.5 గ్రాములు, నిష్పత్తి మళ్లీ 40 మాత్రమే. 30 దాటితే జాగ్రత్తపడాలి.

గుర్తుంచుకోండి

* ఉదయం మొదటి మూత్రం మేలు. కొంత వదిలి మధ్యలోది పట్టాలి.
* జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బహిష్టు, కఠిన వ్యాయామం ఉన్నప్పుడు పరీక్ష వాయిదా వేయాలి.
* ఒక్క రిపోర్టుతో నిర్ధారించరు. 3 నుంచి 6 నెలల్లో మూడుసార్లు చేస్తే రెండుసార్లు ఎక్కువ రావాలి.
* టైప్ 2 షుగరువారు వ్యాధి తెలిసిన నాటి నుంచి, టైప్ 1 వారు 5 ఏళ్ల తర్వాత నుంచి ఏటా చేయించుకోవాలి.
* రక్తంలో క్రియాటినిన్ కూడా చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రోటీను అంతగా పోదు.

ఈ దశలోనే షుగరు, బీ.పీ. అదుపులో పెట్టి, ఉప్పు తగ్గించి, డాక్టరు రాసిన మందులు మానకుండా వాడితే కిడ్నీలను చాలాకాలం కాపాడుకోవచ్చు. సొంతంగా నొప్పి మాత్రలు మింగకండి.