ఆఫర్ బోర్డు రేటు, మన బాక్సు రేటు

ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు. మల్బరీ పక్కన అర ఎకరమో ఎకరమో టమాటా, బీన్సు వేసుకునేవాళ్ళు మనలో చానామంది ఉన్నారు కాబట్టి కూరగాయల రేటు గురించి రాస్తున్నాం. చివరికి గూళ్ళ మార్కెట్టుకే వస్తాం, మధ్యలో వదిలేయకండి.

పోయిన నెల గూళ్ళు అమ్మిన రోజు, ఇంటికి సరుకులు తీసుకుందామని టౌనులో ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌కి పోయినాం. వాకిట్లోనే బోర్డు ఉంది. టమాటా కిలో 9 రూపాయలు, ఒక్కొక్కరికి 2 కిలోలు మాత్రమే. జనం వరస కట్టి నిలబడినారు. అదే పొద్దున మా టమాటా మండీలో 15 కిలోల బాక్సు 120 రూపాయలకి పోయింది. అంటే కిలో 8. కోత కూలి బాక్సుకి 15, బండి బాడుగ 20, మండీ ఖర్చులు 12 తీసేస్తే మా చేతికొచ్చింది 73 రూపాయలు. కిలోకి 5 రూపాయలు కూడా లేదు. నారు, మందు, కట్టెలు, దారం ఖర్చు ఇంకా ఇందులో కలపలేదు.

మాకు ముందు ఆ షాపు మీదే కోపమొచ్చింది. ఇంటికొచ్చి లెక్క వేస్తే వేరే సంగతి తెలిసింది. 8 రూపాయలకి కొన్న కాయని లారీ ఎక్కించి, కుళ్ళినవి తీసేసి, కరెంటు కట్టి, పిల్లలకి జీతాలిచ్చి 9కి అమ్మితే ఎవరికైనా నష్టమే. ఆ నష్టం తెలిసే చేస్తారు. టమాటా కోసం వచ్చిన మనిషి నూనె, సబ్బు, బిస్కెట్లు కూడా బుట్టలో వేసుకుంటాడు, అక్కడ రాబట్టుకుంటారు. నష్టం లేకపోతే 2 కిలోలు మాత్రమే అని ఎందుకు రాస్తారు? మేము కూడా టమాటా తీసుకోలేదు గానీ, 600 రూపాయల సామాను తెచ్చుకున్నాం!

అయితే దెబ్బ మనకి తగలదని కాదు, చుట్టు తిరిగి తగులుతుంది. ఆ షాపు పక్కన తోపుడు బండి పెట్టుకున్నాయన కిలో 15కి అమ్మితేనే ఆయనకి కూలి గిట్టుతుంది. 9 బోర్డు చూసినవాళ్ళు ఆయన దగ్గర ఆగరు. మరుసటి రోజు ఆయన మండీలో 5 బాక్సులు కొనేచోట 3 కొంటాడు. మన మండీలో రేటు పాడే చిన్న కొనుగోలుదారు ఆయనే. అట్లాంటి పదిమంది తగ్గితే వేలం చప్పగా అయిపోతుంది.

ఇంకొక మాట. సబ్బు మీద ఎమ్మార్పీ అచ్చు వేసి ఉంటుంది, తగ్గింపు దేని మీదనో మనకి కనబడుతుంది. తూకం వేసి ఇచ్చే టమాటాకి అట్లాంటి అచ్చు లేదు. "సగం ధర" అన్నప్పుడు ఆ మొదటి ధర కూడా షాపువాళ్ళు రాసుకున్నదే. కాబట్టి బోర్డు చూసి మన కాయ విలువ ఇంత అని అనుకోకండి.

ఇప్పుడు అసలు పాఠం. తగ్గింపు ఎవరి జేబులోంచి పోతుందో ముందు కనుక్కోవాలి. ఒక్కోసారి ప్రభుత్వం భరిస్తుంది. 2023 జూలైలో కోలార్ మండీలో బాక్సు 2,000 దాటినప్పుడు, కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ చేత కర్ణాటక, ఆంధ్ర, మహారాష్ట్రలో టమాటా కొనిపించి, ఢిల్లీ వైపు మొదట కిలో 90కి, తరువాత 80కి, 70కి అమ్మించింది. రైతుకి మండీ రేటు ముట్టింది, తేడా ఖజానా కట్టింది. బాక్సు 50కి పడినప్పుడు కూడా ఆ లారీలు అంతే తొందరగా వస్తే బాగుండేది, అది వేరే మాట.

ఒక్కోసారి మనమే భరిస్తాం, మనకి తెలియకుండానే. రెండేళ్ళ కింద ఒక కంపెనీ కలెక్షన్ సెంటర్‌కి 20 బాక్సులు తీసుకుపోయినాం. రేటు కిలో 10 అన్నారు, మండీ కంటే 2 ఎక్కువ, సంతోషపడినాం. వాళ్ళు సైజు చూసి, రంగు చూసి 13 బాక్సులు తీసుకున్నారు. మిగిలిన 7 సాయంత్రం మండీలో బాక్సు 60కి పోయినాయి. 195 కిలోలకి 1,950, ఆ 7 బాక్సులకి 420, మొత్తం 2,370. 300 కిలోలకి భాగిస్తే కిలో 7 రూపాయల 90 పైసలు. బండి బాడుగ రెండుసార్లు. రెండు వారాల తరువాత పోతే రేటు 8 అన్నారు. అక్కడి పిల్లోడు, పాపం మంచివాడే, "ఈ వారం ఆఫర్ నడుస్తా ఉంది అన్నా, పైనుంచి తగ్గించినారు" అన్నాడు. ఆ రోజూ 13 బాక్సులే తీసుకున్నారు, మిగతావి మళ్ళీ 60కే పోయినాయి. సరాసరి 6 రూపాయల 60 పైసలు పడింది. అక్కడ ఆఫర్ ఇచ్చింది మేము, పేరు మాత్రం షాపుది.

రిజర్వు బ్యాంకు 2024లో వేసిన ఒక అధ్యయనంలో, టమాటాకి కొనేవాళ్ళు పెట్టే రూపాయిలో రైతుకి చేరేది 33 పైసలని లెక్క కట్టినారు. ఆఫర్లని ఆపేస్తే ఆ 33 పెరుగుతుందా? ఫ్రాన్సులో 2018లో చట్టం చేసినారు, తిండి సరుకు మీద తగ్గింపు 34 శాతం దాటకూడదని. అయినా 2024 జనవరిలో అక్కడి రైతులు గిట్టుబాటు కావడం లేదని ట్రాక్టర్లతో పారిస్ చుట్టూ రోడ్లు మూసేసినారు. బోర్డు మీద హద్దు పెట్టినంత మాత్రాన తోట దగ్గర రేటు తనకు తానే పెరగదు. మన దగ్గర కొనే చోట రేటు ఎట్లా తేలుతుందన్నదే ముఖ్యం.

అందుకే గూళ్ళ మార్కెట్టు మాట. శిడ్లఘట్టలో గానీ రామనగరలో గానీ మన లాటు మీద రీలర్లు పోటీపడి పాడతారు. రేటు నచ్చకపోతే మనం వద్దనవచ్చు. ఆ రోజు ఎక్కువ రేటు, తక్కువ రేటు, సరాసరి అందరికీ తెలుస్తాయి. ఇప్పుడు కొందరు ఫోన్ చేసి "ఇంటికే వస్తాం, మార్కెట్టు కంటే కిలోకి 20 ఎక్కువ ఇస్తాం" అంటున్నారు. కర్ణాటకలో 1959 నాటి చట్టం ప్రకారం గూళ్ళు మార్కెట్టులోనే అమ్మాలి, అది ఒకటి. రెండోది, వాళ్ళు వచ్చినాక డబుల్ గూళ్ళు, మచ్చ గూళ్ళు, పల్చటివి అని పక్కకి తీస్తారు. 70 కిలోల పంటలో 12 కిలోలు పక్కన పెడితే, ఆ 20 ఎక్కడికి పోయిందో మా టమాటా లెక్కలాగే వేసి చూడండి. పైగా ఈ రోజు రేటు ఎంతో చెప్పే చీటీ మన చేతిలో ఉండదు. మార్కెట్టుకి లాట్లు తగ్గితే రీలర్లు కూడా తగ్గుతారు, అప్పుడు ఇంటికొచ్చినాయన 20 ఎక్కువ ఎందుకిస్తాడు?

టమాటా ఏ సెంటర్‌కి వేసినా, ముందు రోజే రేటు మెసేజ్‌లో పెట్టించుకోండి. ఏ సైజు తీసుకుంటారో, తీసుకోనిది ఎవరి ఖర్చుతో వాపసు పోతుందో అడగండి. లెక్క తీసుకున్న కాయకి కాదు, కోసిన కాయకంతటికీ వేయండి. టమాటాకి మందు కొట్టేరోజు గాలి మల్బరీ వైపు ఉందేమో కూడా చూడండి, ఆ మందు తగిలితే పురుగు పోతుంది.

ఈ నెలలో మీరు అమ్మిన టమాటా గానీ గూళ్ళు గానీ ఎన్ని కిలోలు తీసుకుపోయినారు, ఎన్ని తీసుకున్నారు, చేతికి ఎంత వచ్చింది, ఈ మూడు అంకెలు ఆదివారం లోపల పంపండి. రాయడం కష్టమైతే వాయిస్ పెట్టండి. పేర్లు లేకుండా అన్నీ ఒక పట్టీగా వేసి వచ్చే వారం పెడతాం.